చింతరేవు చీకటి ప్రసారం

సర్కారు కొలువులో చచ్చిపోవడం తేలిక. చచ్చిపోయినట్టు కాగితం పుట్టడమే కష్టం. మనుషుల సంగతే ఇలా ఉంటే ఇక యంత్రాల సంగతి చెప్పాలా?

చింతరేవు టీవీ రిలే కేంద్రం చచ్చి మూడేళ్ళయింది. పాతకాలపు ప్రసారాలు ఆపేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చిన రోజు, సాయంత్రం ఐదింటికి సీనియర్ టెక్నీషియన్ కొల్లి పానకాలు మీట నొక్కి ట్రాన్స్‌మిటర్ ఆపాడు. ఊళ్ళో ఒక్కరైనా వచ్చి "మా టీవీలో బొమ్మ రావట్లేదేం?" అని అడుగుతారేమోనని గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఏడింటిదాకా కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. అందరి ఇళ్ళ మీదా డిష్షులున్నాయి. చివరికి వాచ్‌మన్ యోహాను వచ్చి, "కూసుంది చాల్లే పానకాలన్నా, దోమలు కుడతన్నయ్యి" అని కుర్చీ లోపల పెట్టేశాడు.

అప్పట్నుంచి ఆ కేంద్రంలో మిగిలింది ఈ ఇద్దరూ, ఎత్తయిన టవరూ, పాత జనరేటరూ, ఏడో ఛానల్ టీవీ ఆంప్లిఫయరూ. చిన్న గొంతుతో వచ్చిన సిగ్నల్‌ని నూరు వాట్ల పెద్ద గొంతు చేసి బయటికి పంపడం దాని పని. స్టాకు రిజిస్టరులో ఉన్న మిగతా సామానంతా కిందటి తుపానులో కొట్టుకుపోయింది. అలాగని రాసి ఉంది. ఒక బీరువా, ఆరు ఫ్యాన్లు, నాలుగు జీపు టైర్లు, ఒక చుట్ట రాగితీగ. నిజానికి ఆ బీరువా తుపానుకి ఆరేళ్ళ ముందునుంచే ఎవరి కంటా పడలేదు. కానీ ఆ శాఖలో ఆనవాయితీ అది. వస్తువు ఎప్పుడు పోయినా సరే, తుపాను వచ్చేదాకా కాగితం మీద బతికే ఉంటుంది. తుపాను రాగానే పోయినవన్నీ కట్టకట్టుకుని ఒకే గాలికి ఎగిరిపోతాయి. వాతావరణ శాఖ కంటే ముందే స్టోర్సు అధికారి జాబితా సిద్ధం చేసుకుని కూర్చుంటాడు.

పానకాలుకి ఆ విద్య అబ్బలేదు. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసులో ఆయన ఒక్క అబద్ధం రాసిన పాపాన పోలేదు. అందుకే ముప్ఫై ఒక్కేళ్ళూ చింతరేవులోనే ఉన్నాడు. పైగా ఇంకో జబ్బు కూడా ఉంది. కేంద్రం మూతపడినా ప్రతి శుక్రవారం ఆంప్లిఫయరు మూత తీసి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, పది నిమిషాలు ఆన్ చేసి ఆపేవాడు. ఎందుకన్నా అని యోహాను అడిగితే, "అలవాటురా" అనేవాడు. ఆ అలవాటే కొంప ముంచింది.

ఒక జూన్ నెలలో శేషారత్నం టీచరు ఒక అర్జీ పట్టుకుని కేంద్రానికి వచ్చింది. ఆవిడ హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో లైసెన్సున్న వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడుతుంటుంది. అలాంటివాళ్ళని హామ్‌లంటారు. మామూలు రోజుల్లో వాళ్ళది సరదా. గాలివాన వచ్చి ఫోన్లు చచ్చిపోయిన రోజున మాత్రం కలెక్టరు కూడా వాళ్ళ గుమ్మంలోనే నిలబడతాడు.

"పానకాలూ, మూలనబడ్డ నీ ఆంప్లిఫయరు మాకిప్పించవయ్యా. కాయిళ్ళకి ఇంకో రెండేసి చుట్లు చుడితే చాలు, మా హామ్ బ్యాండులోకి దిగొస్తది. ఏటిమొగ కోసం అడుగుతన్నా."

ఏటిమొగ సంగతి పానకాలుకి తెలుసు. ఏరు సముద్రంలో కలిసేచోట ఎనభై గడపల పల్లె. గాలి గట్టిగా వీస్తే ముందు కూలేది అక్కడి ఫోను టవరే. ఆ ఊరి బళ్ళో మధ్యాహ్న భోజనం వండే కాటమ్మ చేత టీచరు దగ్గరుండి పరీక్ష రాయించి, లైసెన్సు ఇప్పించి, బళ్ళోనే ఒక చిన్న సెట్టు పెట్టించింది. కానీ మధ్యలో సరుగుడు తోటలు. టీచరు సెట్టుది ఐదు వాట్ల గొంతు. అవతలికి చేరేసరికి గరగర తప్ప మిగిలేది లేదు.

"వాళ్ళ మాట మనకి వినపడకపోయినా పర్లేదు. మన మాట వాళ్ళకి వినపడాల. డెబ్బై ఏడు ఉప్పెనలో మా మేనత్తోళ్ళ ఊరికి కబురు చెప్పే దిక్కులేక ఊరు ఊరే పోయింది. నీకు తెలీనిదేముంది" అంది టీచరు.

పానకాలుకి అప్పుడు పన్నెండేళ్ళు. ఆయనకీ తెలుసు. ఆ రోజే అర్జీకి తన సిఫార్సు జోడించి ప్రాంతీయ కార్యాలయానికి పంపించాడు.

నెలన్నరకి జవాబు వచ్చింది. "తమరి లేఖ అందినది. ప్రసార పరికరముల విసర్జన నియమావళి పదిహేడవ నియమము ననుసరించి, పనికిరాని పరికరమును మాత్రమే ఇతరులకు ఇవ్వదగును. కావున సదరు పరికరము పనికిరానిదని త్రిసభ్య సంఘము ధ్రువీకరింపవలసియున్నది."

"పనికిరానిదైతే నాకెందుకయ్యా?" అంది టీచరు.

"ముందు పనికిరాదని రాయించుకుందాం టీచరుగారూ. ఆనక పనికొస్తది" అన్నాడు పానకాలు.

త్రిసభ్య సంఘం కారులో దిగింది. అధ్యక్షుడు ఉపసంచాలకులు తురగా మార్తాండరావుగారు. ఆయన ఇంట్లో కూడా ఉత్తర్వుల భాషలోనే మాట్లాడతాడని, భోజనానికి పిలిస్తే "పరిశీలించబడును" అంటాడని చెప్పుకుంటారు. రెండోవాడు స్టోర్సు అధికారి. మూడో సభ్యుడు చింతరేవు రొయ్యల కోసం వచ్చాడని యోహాను అభిప్రాయం. ఆయన సంతకం తప్ప మరేమీ చేయలేదు కాబట్టి ఆ అభిప్రాయం తప్పని చెప్పలేం.

పవరంతా గాలిలోకి పోకుండా వేడి రూపంలో మింగేసే డబ్బా ఒకటి తగిలించి, పానకాలు ఆంప్లిఫయరు ఆన్ చేశాడు. చింత చచ్చినా పులుపు చావలేదు. మీటరు ముల్లు సాఫీగా లేచి నూరు దగ్గర నిలబడింది.

మార్తాండరావుగారి మొహం మాడింది. "ఇది పనిచేయుచున్నది."

"అవును సార్."

"ఎందుకు పనిచేయుచున్నది?"

"శుక్రవారం శుక్రవారం తుడుస్తన్నా సార్."

"తుడవమని ఎవరు ఆదేశించినారు?"

"ఎవరూ లేదు సార్."

"అనధికార నిర్వహణ" అని స్టోర్సు అధికారి చేత రాయించాడు ఆయన.

స్టోర్సు అధికారి జాలిగుండెవాడు. పానకాలుని వసారాలోకి తీసుకెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. "మేం రొయ్యలు తినొచ్చే లోపల ఒక బిందెడు నీళ్ళు కుమ్మరించవయ్యా. కళ్ళు మూసుకుని సంతకం పెట్టేస్తాం."

"నీళ్ళు పోస్తే ఇంక టీచరుగారికి దేనికి పనికొస్తది సార్?"

"ఆవిడకి దేనికి పనికొస్తదన్నది మా ఫారంలో లేదు."

పానకాలు నీళ్ళు పోయలేదు. పక్షం తిరక్కుండానే రెండో ఉత్తర్వు వచ్చింది. పద్దెనిమిదో నియమం ప్రకారం, పనిచేసే పరికరాన్ని ఖాళీగా ఉంచడం జాతీయ నష్టం. కావున సదరు ఆంప్లిఫయరును తక్షణం ప్రసార సేవలో నియోగించవలెను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ పానకాలు ప్రాంతీయ కార్యాలయానికి ఫోన్ చేశాడు.

"ఏం ప్రసారం చెయ్యాల సార్? పైనుంచి కార్యక్రమాలు రావడం మూడేళ్ళనాడే ఆగిపోయింది గదా."

"పరికరమునకు పని కల్పింపుమన్నాము" అన్నాడు మార్తాండరావు. "కార్యక్రమముల ప్రస్తావన ఉత్తర్వులో ఉన్నదా?"

లేదు. కాబట్టి చింతరేవు కేంద్రం నుంచి చీకటి ప్రసారమవడం మొదలైంది. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా, ఏడో ఛానల్‌లో, నూరు వాట్ల నిఖార్సైన నల్లటి తెర.

ప్రారంభోత్సవానికి మార్తాండరావుగారే వచ్చి రిబ్బను కత్తిరించారు. "ఇరువదినాలుగు గంటల వార్తలతో అలసిన నేత్రములకు ఈ ప్రసారము ఒక విశ్రాంతి. ఇందు హింస లేదు, అశ్లీలత లేదు, వివాదము అసలే లేదు. కుటుంబమంతయు కలిసి చూడదగిన ఏకైక ఛానలిది" అని ఉపన్యసించారు. పిల్లకాయలు బిస్కెట్లు తీసుకుని చప్పట్లు కొట్టారు.

ప్రసారం ఉన్నచోట కార్యక్రమ నిర్వాహకుడు ఉండాలని మరో నియమం. ఆ హోదాలో చిదానందం అనే ఆయన్ని వేశారు. పెద్దమనిషే, పనిమంతుడు కూడా. వచ్చిన వారంలోనే కార్యక్రమ పట్టిక తయారుచేసి గోడకి అంటించాడు. ఉదయం ఆరు: చీకటి. ఎనిమిది: చీకటి, పునఃప్రసారం. పన్నెండు: మహిళల కోసం. గంటగంటకీ లాగ్‌బుక్కులో తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడు: "బొమ్మ స్పష్టం. శబ్దం స్పష్టం. ఫిర్యాదులు లేవు."

ప్రేక్షకాభిప్రాయ సేకరణ కూడా జరిగింది. రెండు వందల గడపలు తిరిగి "చింతరేవు ప్రసారాల మీద మీకు అభ్యంతరాలున్నాయా?" అని అడిగితే ఒక్కరూ ఉన్నాయనలేదు. అటక మీద పాత టీవీ దించుకుని నిజంగా చూసింది యోహాను ఒక్కడే. "నిద్ర బాగా పడతంది సార్" అని చెప్పాడు. దాన్ని నివేదిక మొదటి పేజీలో అచ్చేశారు.

ఒకరోజు కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు పన్నెండు నిమిషాలు చీకటి ఆగిపోయింది. సంస్థ ప్రసారం చేసే చీకటి లేని ఆ పన్నెండు నిమిషాలూ జనం ఏ చీకటి చూసి ఉంటారో వివరించమని పానకాలుకి మెమో వచ్చింది.

టీచరు పదిహేను రోజులకోసారి వచ్చి, గది గుమ్మంలో నిలబడి ఆంప్లిఫయరు వంక చూసి వెళ్ళేది. ఏమీ అనేది కాదు. ఆవిడ ఏదైనా అంటే బాగుండునని పానకాలుకి ఉండేది. తను శుభ్రంగా ఉంచబట్టే అది ఆవిడకి అందకుండా పోయింది. ఆయనకి సిగ్గేసింది. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నా ఆ సిగ్గు వదిలేది కాదు.

నవంబరులో వాయుగుండం పుట్టింది. తుపానయింది. మర్నాడు తెల్లవారుజామున ఎక్కడో ఉత్తరాన తీరం దాటుతుందని మొదటి కబురు. ఏటిమొగలో జనం పడవలు పైకి లాక్కుని, మనకి గండం తప్పిందిలే అనుకుని పొయ్యిలు వెలిగించుకున్నారు. పొద్దున పదకొండింటికి అది దిశ మార్చుకుంది. సాయంత్రానికి చింతరేవు దగ్గరే దాటుతుందని రెండో కబురు వచ్చింది. ఆ కబురు ఏటిమొగకి చేరకముందే అక్కడి ఫోను టవరు కూలింది. చెప్పొద్దామని బయల్దేరిన తహసీల్దారు జీపు చప్టా దగ్గర నీళ్ళలో ఆగిపోయింది.

పన్నెండింటికి టీచరు ఆటోలో వచ్చి దిగింది. తల నించి నీళ్ళు కారుతున్నాయి. చీరకొంగులో సెట్టు చుట్టి ఉంది, చంకలో ఏంటెనా ఉంది.

"గంట నించి పిలుస్తన్నానయ్యా. వినపడట్లా వాళ్ళకి. మూడొందల మంది" అంది.

పానకాలు లేచి ఆంప్లిఫయరు మీట కట్టేశాడు. శుక్రవారాల తుడుపు తప్పిస్తే, ముప్ఫై ఒక్కేళ్ళలో ఆయన పైవాళ్ళని అడగకుండా చేసిన మొదటి పని అది.

చిదానందం కలం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "పానకాలుగారూ, ఏమి చేస్తున్నారు? మహిళల కార్యక్రమం నడుస్తోంది. మధ్యలో ఆపడానికి పై అనుమతి కావాలి."

"గాలికి ఇక్కడా ఫోన్లు పోయినయ్యి గదా సార్."

"అయితే లేఖ వ్రాయండి."

"రాస్తా సార్. ఈ కాయిలు చుట్టి రాస్తా."

చుట్టడానికి రాగితీగ కావాలి. కిందటి తుపానులో కొట్టుకుపోయినట్టు రిజిస్టరులో ఉన్న చుట్ట, దేవుడి దయవల్ల, పెరట్లో యోహాను బట్టలారేసుకునే తీగగా ఉంది. యోహాను తడిబట్టలు కింద పారేసి తీగ తెంచుకొచ్చాడు. పానకాలు పాత కాయిళ్ళు ఊడదీసి, కలం తొడుగు మీద కొత్తవి చుట్టి, టంకం వేశాడు. మొదటిసారి మీటరు పది దగ్గరే చతికిలబడింది. ఒక చుట్టు విప్పాడు. ముప్ఫై. ఇంకో కాయిలు కొంచెం సాగదీశాడు. అరవై. ఎనభై.

"ఎనభై చాలు, చాలయ్యా" అంది టీచరు.

ఆ గాలిలో యోహాను ప్రభువుని తల్చుకుంటూ టవరు మొదటి మజిలీ దాకా ఎక్కి ఏంటెనా కట్టాడు. టీచరు మైకు అందుకుంది. పిల్లలకి పాఠం చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది. "ఏటిమొగ, ఏటిమొగ. కాటమ్మా, నేను టీచర్ని. తుపాను మనకాడే దాటతంది. వండుకున్నది వదిలెయ్యండి. కట్ట మీదగా కొత్తపాలెం షెల్టరుకి నడవండి. నాలుగు లోపల చేరాల." చెప్పింది మళ్ళీ చెప్పింది. పది నిమిషాలు చెప్పింది. స్పీకరులో గాలి హోరు తప్ప ఏమీ లేదు. చిదానందం కూడా కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు.

"ఇనపడతంది టీచరుగారూ. బయలెల్లతన్నాం."

పానకాలు ఏడ్చాడు. అందులో దాచాల్సిందేమీ లేదు. సాయంత్రం ఆరింటికి సముద్రం ఏటిమొగ బళ్ళోకి, పొయ్యిల మీద అన్నం గిన్నెల్లోకి వచ్చేసరికి ఊళ్ళో మనిషన్నవాడు లేడు. కొత్తపాలెం షెల్టరులో తలలు లెక్కబెడితే మూడు వందల పన్నెండు. అందరూ ఉన్నారు.

నీళ్ళు తీసిన నాలుగో రోజున పానకాలుకి మెమో వచ్చింది. "తుపాను దినమున మధ్యాహ్నము నుండి చీకటి ప్రసారమును నిలిపివేసి ప్రేక్షకులకు అసౌకర్యము కలిగించినందుకును, ప్రభుత్వ పరికరమును మార్చినందుకును మీపై చర్య ఎందుకు తీసికొనరాదో తెలుపవలెను." వెనకాలే త్రిసభ్య సంఘం దిగింది. టీచరు కూడా వచ్చి వసారాలో నిలబడింది.

ఏడో ఛానల్‌లో పరీక్షించారు. మీటరు ముల్లు సున్నా దగ్గర్నుంచి కదల్లేదు.

"పనికిరానిది" అని ప్రకటించాడు మార్తాండరావు.

టీచరు, పానకాలు మొహామొహాలు చూసుకున్నారు. ఐదు నెలల తర్వాత ఆ మాట పుట్టింది. "అయితే ఇంక టీచరుగారికి ఇచ్చెయ్యొచ్చా సార్?" అన్నాడు పానకాలు.

"తప్పక. పందొమ్మిదవ నియమము ననుసరించి, ప్రసార పరికరమును ఇతరులకు ఇచ్చుటకు పూర్వము, వారు దానితో ప్రసారము చేయజాలనట్లుగా సంఘ సమక్షమున సుత్తితో చూర్ణము చేసి, పిమ్మట సగౌరవముగా అందజేయవలెను." ఆయన సంచిలోంచి కొత్త సుత్తి తీశాడు. పిడికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

టీచరు ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. మార్తాండరావుగారు ఫొటో కోసం సుత్తి పైకెత్తి పట్టుకున్నారు.

"ఆగండి సార్" అన్నాడు స్టోర్సు అధికారి. ఆయన బాధ వేరు. సుత్తి పడితే ముప్ఫై రెండు పేజీల విధ్వంస నివేదిక ఆయనే రాయాలి. జేబులో ఉన్న తుపాను నష్టాల జాబితాలో అయితే ఒక్క గీత చాలు. అందులో అప్పటికే రెండు కంప్యూటర్లు, ఒక ఇనప నిచ్చెన, చింతరేవులో ఎన్నడూ లేని ఒక ఏసీ కొట్టుకుపోయి ఉన్నాయి. "రిజిస్టరులో ఉన్నది ఏడో ఛానల్ టీవీ ఆంప్లిఫయరు. ఈ బల్ల మీదున్నది అదేనని ముందు తేలాలి గదా. ఏమయ్యా పానకాలూ, నువ్వు అబద్ధమాడవని పేరు. ఇది టీవీ ఆంప్లిఫయరేనా?"

పానకాలు దాని వంక చూశాడు. బట్టలారేసుకునే తీగతో చుట్టిన కాయిళ్ళు కనిపించాయి.

"కాదు సార్" అన్నాడు. "ఇది టీవీకి పనిచెయ్యదు."

"మరి టీవీది ఏమైంది?"

"తుపాను రోజు మధ్యాహ్నం నించి లేదు సార్."

స్టోర్సు అధికారి సంతోషంగా జాబితా విప్పి గీత రాసుకున్నాడు. మార్తాండరావుగారు సుత్తి మెల్లగా దించారు. "లేని పరికరమును పగులగొట్టు అధికారము ఈ సంఘమునకు లేదు" అన్నారు చివరికి, నిజంగానే నొచ్చుకుంటూ. "మరి ఈ ఉన్నదేమిటి?"

"రిజిస్టరులో లేనిది సార్. తుపాను తెచ్చిపడేసిన చెత్త" అన్నాడు స్టోర్సు అధికారి.

అప్పటికప్పుడు ఉత్తర్వు తయారైంది. ఆవరణలో చేరిన తుపాను చెత్తను సీనియర్ టెక్నీషియన్ కొల్లి పానకాలు ఇరువదినాలుగు గంటలలో స్వయముగా తొలగింపవలెను. మూడు సంతకాలు, ఒక ముద్ర. చెత్తని గోనెసంచిలో వెయ్యకుండా తన దుప్పట్లో చుట్టి రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని, పానకాలు ఆ సాయంత్రమే ప్రభుత్వాజ్ఞ నెరవేర్చాడు. టీచరు వెనక రిక్షాలో వచ్చింది.

చీకటి ప్రసారం ఆపమని మాత్రం ఎవరూ ఉత్తర్వివ్వలేదు. అందుకని అది ఇప్పటికీ సాగుతోంది. చిదానందం గంటగంటకీ లాగ్‌బుక్కు రాస్తూనే ఉన్నాడు. యంత్రం లేకపోవడంతో అంతరాయానికి ఆస్కారం కూడా లేకుండా పోయింది. ఆ ఏడాది ఉత్తమ ప్రసార కేంద్రం డాలు చింతరేవుకే వచ్చింది. పానకాలు మీద మెమో మాత్రం అలాగే ఉంది. ఆయన సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో ఒక మందలింపు ఎక్కింది.

మార్చిలో పానకాలు రిటైరయ్యాడు. వీడ్కోలు సభకి మార్తాండరావుగారు వచ్చి శాలువా కప్పారు. సభ అయ్యాక పానకాలుని పక్కకి పిలిచి, మొదటిసారి మనుషుల భాషలో అడిగారు.

"ఇప్పుడు నీకూ నాకూ మధ్యే. ఆ ఆంప్లిఫయరు నిజంగా ఏమైందయ్యా?"

"తుపానులో కొట్టుకుపోయింది గదా సార్" అన్నాడు పానకాలు. "రోజూ సాయంత్రం ఆరింటికి టీచరుగారి గొంతు మోసుకుని ఏటిమొగ దాకా పోయొస్తంది."